తొలకరికి మంద తోలకండి: గుంటూరు మెట్టలో మేత బీడును కరువుకు నిలబెట్టే పద్ధతి

ప్రకాశం బ్యారేజీ దిగి తెనాలి వైపు వెళ్తే కాలువ గట్ల మీద కూడా గడ్డి మోకాలెత్తు ఉంటుంది. అదే గుంటూరు నుంచి నరసరావుపేట మీదుగా వినుకొండ దారి పట్టామంటే, ఫిబ్రవరి దాటకముందే బీళ్లు బోసిగా కనిపిస్తాయి. వాన తక్కువ, ఏం చేస్తాం అంటారు ఎవరినడిగినా. ఆ మాటలో సగమే నిజం. ఈ ప్రాంతంలో సాలీనా సుమారు 700 నుంచి 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు పడిందంటే నాలుగు వేల లీటర్లు. 800 మి.మీ. అంటే ఎకరానికి 32 లక్షల లీటర్లు. గడ్డి ఊడిపోయి, గిట్టల కింద నలిగి గట్టిపడ్డ నేల మీద పెద్దవాన కొడితే గంటలో వాగు ఎర్రగా పారుతుంది, రెండోరోజుకి బీడు మళ్లీ దుమ్ము లేస్తుంది. పడిన నీళ్లను నేల తాగలేకపోవడం మన అసలు జబ్బు.

బీడు బాగుచేయాలనగానే ఎవరైనా ముందు అడిగేది "ఏ గడ్డి విత్తనం వెయ్యమంటారు?" అని. విత్తనం గురించి చెబుతాను కానీ అది తర్వాతి సంగతి. పశువును బీట్లోకి ఎప్పుడు రానివ్వకూడదో తెలుసుకుంటే సగం పని అయినట్టే. అయిదు నుంచి ఇరవై ఎకరాల మెట్ట ఉండి, గొర్రెలో పాడిపశువులో పెంచుకునే వాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. కార్తెల వరసలో సాగుతుంది కాబట్టి వేసవిలో మొదలుపెడితే మంచిది.

వేసవి: ముందు నేలను చదవండి

ఎండాకాలంలో బీట్లో పనేముంటుంది అనిపిస్తుంది. నేల తన లోపాలు దాచుకోలేని కాలం ఇదే. ఒక ఉదయం గునపం, పార తీసుకుని నడవండి.

అడుగడుక్కీ కిందికి చూసుకుంటూ వంద అడుగులు వేయండి. బూటు ముందు కొస కింద గడ్డి దుబ్బు ఉందా, ఎండుటాకు ఉందా, ఉత్త నేల ఉందా లెక్కపెట్టండి. వందలో ముప్పైకి మించి ఉత్త నేల వస్తే ఆ బీడుకి ముందు విశ్రాంతి కావాలి, ఆ తర్వాతే మిగతా ఖర్చులు. కప్పు లేని నల్లరేగడి పైపొర మే నెల మిట్టమధ్యాహ్నం 60 డిగ్రీలు దాటగలదు. ఆ వేడికి పైపొరలోని సూక్ష్మజీవులు, లేత వేళ్లు తట్టుకోలేవు.

తర్వాత వేళ్లు చూడండి. ఇది మాత్రం తప్పకుండా చేయాల్సిన పని. మంద రోజూ తిరిగే దారి పక్కన ఒక గడ్డి దుబ్బును, కంచె లోపలో ముళ్ల పొద మధ్యలోనో నోరు పడకుండా ఉన్న అదే జాతి దుబ్బును మట్టితో సహా గునపంతో లేపండి. నీళ్లలో ముంచి మట్టి కడిగేసి పక్కపక్కన పెట్టండి. మొదటిదాని వేళ్లు వేలెడు పొడవుంటే గొప్ప. రెండోదానివి మూరెడు దాకా దిగి ఉంటాయి, గునపం తెంపినవి లోపలే మిగిలిపోయినా సరే. కరువంటే ఏమిటో ఆ రెండు దుబ్బులే చెబుతాయి. పది రోజులు వాన జాప్యమైతే మొదటిది వాడిపోతుంది, రెండోది కింది తేమతో బతుకుతుంది. వాన ఇద్దరికీ ఒకటే పడింది.

మూడో పరీక్షకి ఆరంగుళాల వ్యాసం ఉన్న పీవీసీ పైపు ముక్క చాలు. మూడంగుళాలు నేలలోకి దిగేలా చెక్క అడ్డం పెట్టి కొట్టండి. 450 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే అంగుళం వాన పడినట్టు. మొదటి విడత ఇంకిపోయాక మళ్లీ అంతే పోసి, ఈసారి టైం చూడండి. పది నిమిషాల్లో ఇంకితే నేల బాగున్నట్టు. అరగంట దాటినా నీళ్లు నిలబడే ఉంటే పైన పెచ్చు కట్టిందనో, కింద గట్టిపొర ఉందనో అర్థం. ఒక హెచ్చరిక: ఎండిన రేగడిలో పగుళ్లుంటాయి కాబట్టి ఎన్ని నీళ్లు పోసినా మింగేస్తుంది, అది చూసి మురిసిపోవద్దు. రేగడిలో ఈ పరీక్ష ఒక వాన పడి పగుళ్లు పూడుకున్నాకే చేయాలి.

మట్టి పరీక్ష కూడా ఇప్పుడే. ఎనిమిది పది చోట్ల ఇంగ్లీషు వీ అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, అంచు మట్టి గీకి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకి తెచ్చి ఇవ్వాలి. చెట్టు కింద, పేడకుప్ప పక్కన, గట్టు మీద మట్టి తీయకూడదు. రిపోర్టులో ముందు సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకు, వేరు, పేడ నుంచి నేలలో మిగిలే కర్బనం ఎంతుందో చూడండి. 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని లెక్క. మన మెట్ట బీళ్లలో 0.5 లోపు వస్తే ఆశ్చర్యపోవాల్సిన పనేమీ లేదు.

రోహిణి లోపు: కందకాలు, టీకాలు, మేత

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. ఆ కార్తె వచ్చేలోపు మూడు పనులు అయిపోవాలి.

ఒకటి, నీటి కట్టడి. వాలుకు అడ్డంగా, సమమట్టంలో కందకాలు తీయించండి. సమమట్టం తేల్చడానికి సర్వేయరు అక్కర్లేదు. తాపీమేస్త్రీల దగ్గర ఉండే నీళ్ల ట్యూబు చాలు. కందకాన్ని ఏకబిగిన ఈ చివర నుంచి ఆ చివరకు తీయకండి. ఒక చోట తెగితే నీళ్లన్నీ అక్కడికే వచ్చి పెద్ద గండి పడుతుంది. నాలుగైదు మీటర్ల ముక్కలుగా, పై వరసలో ఖాళీ ఉన్నచోట కింది వరసలో కందకం వచ్చేలా తీయాలి. తీసిన మట్టి దిగువ వైపే పోయాలి, దాని మీద తర్వాత గడ్డి గింజ చల్లాలి. ఇది ఎర్రనేలలకు, గులకరాళ్ల వాలు నేలలకు బాగుంటుంది. రేగడిలో లోతు కందకాల అంచులు విరిగి పడతాయి, అక్కడ వెడల్పాటి తక్కువ ఎత్తు గట్టు వేసి గడ్డి పెంచడమే మేలు. రాళ్లకు కొదవ లేని మాచర్ల, గురజాల వైపు వాళ్లు చిన్నవాగుల్లో రాతికట్టలు వేసుకుంటే ఖర్చు కూలీ వరకే.

రెండు, టీకాలు. తొలకరి పచ్చికకు గొర్రెల్లో చిటుక రోగం వస్తుందని కాపరులందరికీ తెలుసు. సాయంత్రం దాకా బాగున్న, మందలోకెల్లా బలంగా ఉన్న పిల్ల పొద్దుటికి చచ్చిపడి ఉంటుంది. టీకా వేశాక రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది కాబట్టి వాన పడ్డాక వేయించి లాభం తక్కువ. పశువులకు గురకవ్యాధి, జబ్బవాపు టీకాలు కూడా ఇప్పుడే.

మూడు, నలభై రోజుల మేత. ఎందుకో కింద చెబుతాను. గొర్రెకు రోజుకు సుమారు కిలో ఎండుమేత చొప్పున, నలభై గొర్రెలకు నలభై రోజులకు 1,600 కిలోలు. కందిపొట్టు, శనగపొట్టు, డెల్టా నుంచి మినప పొట్టు, వేరుశనగ కట్టె, ఏది చవగ్గా దొరికితే అది నూర్పిళ్లప్పుడే కొనిపెట్టుకోవాలి. మే నెలలో కొనబోతే వ్యాపారి చెప్పిందే రేటు.

మృగశిర: గేటు మూసే కాలం

మృగశిర వానకు ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందని సామెత. ఆ రంకె విని గేటు తీయడంతోనే మన బీళ్లు పాడవుతున్నాయి.

మొదటి వాన పడ్డ వారం పదిరోజులకు బీడంతా పచ్చగా మొలకెత్తుతుంది. ఆ పచ్చదనం ఎక్కణ్నుంచి వచ్చింది? ఆకు ఇంకా లేదు కాబట్టి ఎండ నుంచి తిండి తయారుచేసుకునే దారి దానికి లేదు. పోయిన ఏడాది దుబ్బు మొదట్లో, వేళ్లలో దాచుకున్న పిండి పదార్థం ఖర్చుపెట్టి ఆ మొదటి మూడు నాలుగు ఆకులు వేస్తుంది. విత్తనానికి దాచిన వడ్లు దంపుకుని తిన్నట్టే, ఆ ఆకును మేపితే దుబ్బు దగ్గర మళ్లీ చిగురు వేసేందుకు ఏమీ మిగలదు. రెండు మూడేళ్లు ఇలాగే జరిగితే మంచి గడ్డి చచ్చి, పశువు ముట్టని మొక్కలు ఆ జాగా ఆక్రమిస్తాయి. బీట్లో జిల్లేడు, తంగేడు, వయ్యారిభామ పెరిగాయంటే వాటిని ఎవరూ విత్తలేదు, తొలకరి మేపే వాటికి చోటిచ్చింది.

దీని మీద పాత ప్రయోగం ఒకటుంది. అమెరికా నేల సంరక్షణ శాఖలో పనిచేసిన క్రైడర్ 1955లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, గడ్డి ఆకులో సగం దాకా తీసేస్తే వేరు పెరుగుదల మీద పెద్దగా ప్రభావం లేదు. 80 శాతం తీసేస్తే 12 రోజుల పాటు వేళ్లు పూర్తిగా ఆగిపోయాయి. పశువు అదే దుబ్బును మళ్లీ మళ్లీ కొరుకుతూ ఉంటే వేరు ఇక ఎప్పుడు దిగుతుంది?

అందుకని మృగశిర మొదటి మంచి వాన నుంచి అయిదారు వారాలు బీడులో అడుగు పడనివ్వకండి. రోజులకంటే ఎత్తు నమ్మకమైన గుర్తు. గడ్డి జానెడు ఎత్తు అయ్యాకే మంద దిగాలి. ఈలోగా మందను ఎక్కడ ఉంచాలి? కొట్టం దగ్గర ఒక అరెకరమో ఎకరమో ఈ పనికి వదిలేసుకోండి. అది తొక్కుడుకు పాడవుతుంది, అవనివ్వండి. పదెకరాల బీడైతే మిగతా తొమ్మిదెకరాలు బతుకుతాయి. అక్కడే నిల్వచేసిన పొట్టు, కట్టె, సుబాబుల్ కొమ్మలు వేయండి. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడోవంతుకు మించకూడదు, దాని ఆకులో ఉండే మైమోసిన్ వల్ల వెంట్రుకలు రాలతాయి, ఆకలి మందగిస్తుంది.

దీనికి కాపరి ఒప్పుకోవడం కష్టం. "ఏందయ్యా, కళ్లెదుట పచ్చగా కనపడతంటే ఎండు పొట్టు వెయ్యమంటావా?" అంటాడు. అనడంలో తప్పులేదు, నాలుగు నెలలు ఎండుకు నోరు కాచిన మంద కంచె మీద పడుతుంటే ఆపేది అతనే కదా. చిటుక రోగం మాట చెప్పండి. నీళ్లెక్కువ ఉండే తొలి పచ్చిక మీద ఆకలిగొన్న గొర్రెను వదిలితే పారుడు, పొట్ట ఉబ్బరం, చిటుక అన్నీ ఒక్కసారే వస్తాయి. బీడుకి మంచిదంటే వినని మనిషి మందకి మంచిదంటే వింటాడు.

ఇంకో ప్రమాదం ఇదే కాలంలో ఉంది. చేలో లేత జొన్న, కోసిన మోడు మీద వచ్చిన జొన్న పిలక, ముఖ్యంగా బెట్టకు వాడి వాన పడగానే చిగురించింది, పశువును నిమిషాల్లో చంపగలదు. అందులో సైనైడ్ విషం ఉంటుంది. పూత దశకు రాని జొన్న మీద మందను వదలొద్దు. తిని తూలుతున్న పశువుకు సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్ పనిచేస్తుంది కానీ డాక్టరు వెంటనే అందాలి.

ఆరుద్ర, పునర్వసు: ఇప్పుడు విత్తనం మాట

బీడును మొత్తంగా దున్నకండి. ఉన్న దుబ్బులు చస్తాయి, పైపొర కొట్టుకుపోతుంది. వాలుకు అడ్డంగా మూడు మీటర్లకొక పట్టీ చొప్పున గొర్రుతో గీసి, ఆ గీతల్లోనే గింజ వేయండి. మిగతా జాగాలోకి గడ్డి తనంతట తానే పాకుతుంది.

ఏ నేలకు ఏది అన్నది ముఖ్యం. ఇక్కడే డబ్బు వృథా అవుతుంది.

ఎర్రనేల, చల్కా, గులకరాళ్ల నేల అయితే అంజన్ గడ్డి, స్టైలో జత. అంజన్ గడ్డి ఎకరాకు రెండు కిలోలు, స్టైలో రెండు కిలోలు. అంజన్ గింజ నూగుతో తేలిగ్గా ఉండి గాలికి ఎగిరిపోతుంది, తడి ఇసుకలోనో మెత్తని పశువుల ఎరువులోనో కలిపి చల్లండి. తాజా గింజ సరిగా మొలవదు, కొన్ని నెలలు నిల్వ ఉన్నది అడగండి. స్టైలో పప్పుజాతి, గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లోకి తెస్తుంది. దాని గింజ తొక్క గట్టిది. బాగా మరిగిన నీళ్లను కాసేపు ఆరనిచ్చి, 80 డిగ్రీల దగ్గర మూడు నాలుగు నిమిషాలు ముంచి, తీసి ఆరబెట్టి విత్తాలి. రెండూ సెంటీమీటరు లోతు దాటకూడదు. విత్తేముందు ఎకరాకు రెండు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తే స్టైలో త్వరగా నిలదొక్కుకుంటుంది.

నల్లరేగడి అయితే స్టైలో మీద ఆశ పెట్టుకోవద్దు, నీళ్లు నిలిచే బరువు నేల దానికి పడదు. రేగడికి మన సొంత గడ్డి ఉంది, చెంగలి. ఒంగోలు గిత్తలు పెరిగిన గడ్డి ఇది. ఎర్రనేల గట్ల మీద దాని జోడీ నెంద్ర గడ్డి. ఈ రెండింటి విత్తనం ప్యాకెట్లలో దొరకడం కష్టం. కార్తీకంలో ఎక్కడ బాగా పండిందో చూసుకుని, గింజ రాలకముందే కొడవలితో కోసి, నీడలో ఆరబెట్టి, దులిపి గోతాంలో దాచుకోవాలి. నా ఉద్దేశంలో కొన్న గింజ కంటే ఇదే మేలు, పల్నాడు ఎండకు తరతరాలుగా అలవాటుపడిన గింజ కదా. ఒంగోలు జాతి మీద పనిచేసే పశు పరిశోధనా స్థానం గుంటూరు పక్కన లాంలోనే ఉంది, వ్యవసాయ విశ్వవిద్యాలయమూ అక్కడే. విజయవాడ వైపు వాళ్లకు గన్నవరం పశువైద్య కళాశాల దగ్గర. ఏ రకం గడ్డి మీ నేలకు నప్పుతుందో అడిగి రావడానికి ఒక పూట చాలు.

సూపర్ నేపియర్ గడ్డి గురించి కూడా అడుగుతారు. బోరు నీళ్లుండి, పాడి గేదెలకు కోసి వేసుకోవడానికి అది బంగారమే. వానాధారపు బీడుకు మాత్రం పనికిరాదు. మురుగు నిలిచే డెల్టా గుంటల్లో పారాగడ్డి సరిపోతుంది.

ఎకరానికి ఇరవై దాకా చెట్లు ఉంచండి. నల్లతుమ్మ, వేప, సుబాబుల్, అవిశ. నీడ లేని బీట్లో పశువు మధ్యాహ్నమంతా నిలబడే ఉంటుంది, మేయదు.

కొత్తగా విత్తిన పట్టీలను మొదటి ఏడాది మేపకండి. పీకితే వేరుతో సహా వచ్చేస్తుంది. కోసి వేసుకోవచ్చు.

వానాకాలం: మంద కదులుతూ ఉండాలి

బీడంతా ఒకటే జాగాగా వదిలేస్తే పశువు ఇష్టమైన గడ్డినే వెతుక్కుని, చిగురు వేసిన ప్రతిసారీ దాన్నే కొరుకుతుంది. ఇష్టం లేనిది ముదిరి విత్తనం వేస్తుంది. దీనికి మందు, జాగాను మడులుగా విడగొట్టడం.

పదెకరాలను ఎనిమిది మడులు చేయండి. కంచె వేసే స్తోమత లేకపోతే సున్నం కొట్టిన రాళ్లు హద్దులుగా పాతి, కాపరికి చూపిస్తే చాలు. నీళ్ల తొట్టి మధ్యలో ఉండి, అన్ని మడులకూ అందేలా ఉంటే ఇంకా మంచిది. ఒక మడిలో అయిదు రోజులు మించకూడదు. కొరికిన గడ్డి అయిదారు రోజులకల్లా మళ్లీ చిగురేస్తుంది, ఆ చిగురు నోటికి అందకముందే మంద వెళ్లిపోవాలి. ఎనిమిదింటిలో ఒక మడిని ఆ ఏడాదికి పూర్తిగా పక్కన పెట్టండి. మిగతా ఏడింటిలో అయిదేసి రోజులు తిరిగితే ఒక్కో మడికి ముప్పై రోజుల విశ్రాంతి దక్కుతుంది. పక్కన పెట్టిన మడి గింజ వేసి, గింజ రాల్చుకున్నాక, నవంబరులో ఎండుమేతగా మేపుకోవచ్చు. మరుసటి ఏడాది ఆ సెలవు ఇంకో మడికి.

మడిలోంచి మందను ఎప్పుడు తీయాలంటే, గడ్డి నాలుగు వేళ్ల ఎత్తుకు వచ్చినప్పుడు. అయిదో రోజు దాకా ఆగాలని లేదు, మూడో రోజుకే ఆ ఎత్తుకు వస్తే మూడో రోజే కదలాలి. మిగిల్చిన ఆ నాలుగు వేళ్లు చూసి వృథా అనుకోవద్దు, వాన చినుకు దెబ్బ నేలకు తగలకుండా ఆపేది అదే.

ముసురు పట్టినప్పుడు రేగడి బీట్లోకి బర్రెల్ని దింపకండి. తడి రేగడిలో గిట్ట దిగిన ప్రతి గుంటా ఎండాక ఇటుకలా గట్టిపడుతుంది. అలాంటి రోజులకి గరుకు నేల మడి ఒకటి అట్టిపెట్టుకోవాలి. ఆగస్టు, సెప్టెంబరులో బెట్ట వస్తే ముప్పై రోజుల లెక్క పనిచేయదు. వాన లేకపోతే గడ్డి పెరగదు, పెరగనిది విశ్రాంతి కింద జమ కాదు. అప్పుడు కేలండరు పక్కనపెట్టి, గడ్డి ఎత్తు చూసే కదలాలి.

రాత్రిళ్లు మందను ఎక్కడ కడుతున్నారన్నది కూడా ఎరువు లెక్కే. పక్క రైతు డబ్బిచ్చి మరీ తన చేలో మంద కట్టించుకుంటాడు, మన బీడుకు మాత్రం ఆ భాగ్యం ఉండదు. ఏడాదిలో కొన్ని వారాలైనా, వంద అడుగుల పరీక్షలో ఉత్త నేల ఎక్కువ వచ్చిన చోట్ల మంద కట్టించండి. ఒకే చోట రెండు మూడు రాత్రులు చాలు. తర్వాత పైపైన గుంటక తిప్పితే మూత్రంలోని నత్రజని గాల్లోకి పోకుండా కొంత నిలుస్తుంది.

పేడ ఎన్ని రోజులకు మాయమవుతుందో గమనించండి. వానాకాలంలో పేడపురుగులుంటే రెండు మూడు రోజుల్లో పేడకడి కింద సొరంగాలు తవ్వి ఎరువును లోపలికి దించేస్తాయి, ఆ సొరంగాల్లోంచే వాన నీళ్లూ దిగుతాయి. పేడ పెంకు కట్టి నెలల తరబడి అలాగే పడి ఉంటే పురుగులు లేవన్నమాట. నట్టల మందుగా ఐవర్‌మెక్టిన్ ఇస్తే అది పేడలోకి వచ్చి ఈ పురుగుల పిల్లల్ని చంపుతుంది. మందు మానమని అనను. పేడ పరీక్ష చేయించి, అవసరమైన వాటికే, డాక్టరు చెప్పిన కాలంలో ఇవ్వండి. అలవాటుగా మందంతటికీ కుమ్మరించడం దండగ.

సర్కారు తుమ్మ పని పట్టడం

వానలకు నేల మెత్తబడ్డ రోజుల్లోనే ఇది చేయాలి. సర్కారు తుమ్మను నేల మట్టానికి నరికితే ఒక్క కాండం బదులు పది కొమ్మలు లేస్తాయి. మొదలు చుట్టూ తవ్వి, జానెడు లోతున ఉండే వేరు మెడ కిందికి నరకాలి. మోకాలెత్తు మొక్కలను చేత్తోనే పీకేయొచ్చు. నరికిన కంప మడులకు కంచెగా పనికొస్తుంది, కాయ పట్టకముందు నరికినదైతేనే సుమా. దాని కాయలు గొర్రెలు ఇష్టంగా తింటాయి, గింజలు అరగకుండా పెంటికలతో బయటికొచ్చి బీడంతా మొలుస్తాయి. మేపాలంటే మరలో ఆడించి పిండి చేసి కొద్దిగా కలపండి. వయ్యారిభామను పూత రాకముందు చేతులకు తొడుగులు వేసుకుని పీకాలి. పూత వచ్చాక పీకితే మనమే విత్తినట్టు.

స్వాతి: కరువు నిర్ణయం తీసుకునే రోజు

అక్టోబరు ఆఖరు వారం, స్వాతి కార్తె. ఈశాన్య రుతుపవనాల వాన ఇంకా కొంత రావచ్చు కానీ బీళ్లలో గడ్డి ఎదుగుదల చాలావరకు అయిపోయినట్టే. వచ్చే జూలై దాకా మన దగ్గర ఎంత ఉందో ఇప్పుడు లెక్కతేలాలి. ఏప్రిల్‌లో తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు, అప్పుడు సంతలో అందరూ అమ్మేవాళ్లే.

మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం ఒకటి కర్రలతో కట్టండి. బీట్లో పది చోట్ల, కళ్లు మూసుకుని విసిరినట్టుగా వేసి, లోపలి గడ్డిని మొదలు దాకా కోయండి. మూడు నాలుగు రోజులు ఎండబెట్టి, చేత్తో నలిపితే గలగలలాడే దాకా ఆరాక తూచండి. సగటున చదరపు మీటరుకు ఒక గ్రాము అంటే ఎకరాకు నాలుగు కిలోలు. 150 గ్రాములు వచ్చిందనుకుందాం, ఎకరాకు 600 కిలోలు, పదెకరాలకు 6,000. ఇందులో సగం నేలకు వదలాలి. మేపుకోవడానికి మిగిలింది 3,000 కిలోలు.

నలభై గొర్రెలకు రోజుకు 40 కిలోలు. 3,000 కిలోలు 75 రోజులకు సరి. నవంబరు ఒకటిన మొదలుపెడితే సంక్రాంతికి అయిపోతుంది. కొత్త గడ్డి మేపుకి వచ్చేది జూలై మధ్యలో. నడుమ ఇంకా 181 రోజులు, ఏడు టన్నుల పైన లోటు. అదే ఇరవై అయిదు గొర్రెలకైతే బీడు 120 రోజులు వస్తుంది, లోటు మూడున్నర టన్నుల లోపే. ఎదిగిన పొట్టేళ్లను, ఈడు దాటిన గొర్రెలను ఇప్పుడే అమ్మేస్తే ఒళ్లు మీదున్న ధర వస్తుంది. వేసవిలో ఎముకలు లెక్కపెట్టుకుని అమ్మే ధర వేరు.

ఆవులకూ గేదెలకూ ఇదే పద్ధతి, ఒంటి బరువులో రెండున్నర నుంచి మూడు శాతం ఎండుమేత రోజుకి కావాలి. 300 కిలోల ఆవుకు ఎనిమిది కిలోల లెక్క వేసుకోండి.

కోతలయ్యాక డెల్టా చేలల్లో మేపుకునే అవకాశం ఉంటే ఆ రోజులు లోటులోంచి తీసేయండి. అయితే మాగాణిలో మినుము, పిల్లిపెసర మొలకెత్తిన చోట తగువులొస్తాయి, ముందే మాట్లాడుకోవాలి. మిరప, పత్తి చేల దగ్గర ఇంకా జాగ్రత్త. మిరపకు మనవాళ్లు ఎన్నిసార్లు మందు కొడతారో గుంటూరులో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ గట్ల మీద గడ్డి, ఆ చేలలో కలుపు మేపడం, డ్రమ్ము కడిగిన గుంటలో నీళ్లు తాగనివ్వడం వద్దు.

లోటు పూడ్చడానికి డెల్టా వరిగడ్డి చేతిలో ఉన్న వనరు. మిషన్ కోతల తర్వాత తగలబెట్టేదాన్ని కట్టలు కట్టించుకుని తెచ్చుకోవడం రెండు పక్షాలకూ మంచిది. ఉత్త వరిగడ్డిలో బలం తక్కువ కాబట్టి యూరియాతో మాగబెట్టాలి. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచాలి. తీశాక గంటసేపైనా గాలికి ఆరనిచ్చి, ఘాటు పోయాక వేయండి. ఆరునెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా కలిపిన నీళ్ల బక్కెట్టు పశువుకు అందేచోట వదిలితే ప్రాణం పోతుంది, ఇది మాత్రం ఇంట్లో పిల్లలకూ చెప్పి ఉంచండి.

1832-33 నందన నామ సంవత్సరపు కరువును గుంటూరు సీమ డొక్కల కరువుగా గుర్తుపెట్టుకుంది. తర్వాత 1855కల్లా కృష్ణ మీద ఆనకట్ట వచ్చింది, 1967లో సాగర్ నీళ్లు వదిలారు. కాలువ ఎక్కని గట్లు మాత్రం అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అంతే, వాటి కరువు లెక్క మనమే వేసుకోవాలి.

ఊరుమ్మడి బీడు అయితే

మేత పోరంబోకు బాగుచేయాలంటే గడ్డి కంటే ముందు హద్దులు తేలాలి. సర్వే చేయించి, రాళ్లు పాతించి, గ్రామసభలో తీర్మానం చేయించండి. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి పంచాయతీలకు అప్పగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది, అర్జీలో ఆ తీర్పు ప్రస్తావిస్తే బలం. తొలకరి నలభై రోజుల మూత అందరికీ ఒకేలా వర్తించాలి. మంద ఉన్నవాళ్లే కూర్చుని తేదీ నిర్ణయించుకుంటే నిలుస్తుంది, పైనుంచి బోర్డు పాతితే నిలవదు. ఒకేసారి మొత్తం మూయడం సాధ్యం కాకపోతే మొదటి ఏడాది పావు వంతు మూయండి.

ఏం మారిందో ఎలా తెలుస్తుంది

ఏటా స్వాతిలో, ఒకే రాయి పక్కన నిలబడి, ఒకే దిక్కుకు ఫోటో తీసి పెట్టుకోండి. వంద అడుగుల లెక్క, పైపు పరీక్ష, చట్రం తూకం ఒక నోటుబుక్కులో రాయండి. మొదటి ఏడాది కంటికి కనిపించేది కప్పు పెరగడం. రెండో ఏటికి నీళ్లు ఇంకే టైం తగ్గాలి. సేంద్రియ కర్బనం మాత్రం మన ఎండలకు చాలా నెమ్మదిగా పెరుగుతుంది, మూడేళ్ల లోపు మళ్లీ మట్టి పరీక్ష చేయించి తేడా లేదని టెన్షన్ పడొద్దు. ఈలోగా పైపులో నీళ్లు ఇంకే టైం తగ్గకపోతే, మూసిన మడుల్లోకి రాత్రిపూట ఎవరి పశువులు వస్తున్నాయో ముందు చూడండి.